కొత్త మడిగెల కాంప్లెక్స్‌లో వాన నీటికి దారి: ఓరుగల్లు నేలకు ఏ పద్ధతి సరిపోతుంది?

హన్మకొండ, కాజీపేట, వరంగల్ చుట్టూ ఎటు చూసినా కొత్త కాంప్లెక్సులు లేస్తున్నాయి. కరీంనగర్ రోడ్డులోనో, నర్సంపేట రోడ్డులోనో, రింగ్ రోడ్డు పక్కనో ఎకరం, అరెకరం జాగా దొరికితే చాలు, కింద మడిగెలు (కిరాయి దుకాణాలు), పైన షోరూం, ఆ పైన ఫంక్షన్ హాలు. ముందు వైపు ఏ అద్దాలు బిగించాలన్న దానిపై నెలల తరబడి చర్చ నడుస్తుంది. వాన నీటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "చివర్న ఒక డ్రెయిన్ తీసి నాలాలో కలిపేద్దాం" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. మడిగె కిరాయికి తీసుకుని, అప్పు చేసి దసరాకు సరుకు దింపుకున్న వ్యాపారి బతుకు ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటుంది. అందుకే కట్టబోయేవాళ్ల కోసం, కట్టించబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ పద్ధతికి ఏం బలం, ఎక్కడ అది పనిచేయదు, నేనైతే దేన్ని ఎంచుకుంటాను అన్నది లెక్కలతో సహా చెప్తాను.

నా మాట ముందే చెప్పేస్తాను. నీటిని ఎంత తొందరగా బయటికి నెట్టాలా అని చూసే పద్ధతి కంటే, జాగాలోనే కాసేపు ఆపి మెల్లగా వదిలే పద్ధతి మన ఊళ్లలో ఎక్కువ చోట్ల నిలబడుతుంది. సెల్లార్ లేకుండా కట్టగలిగితే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

పైపు సైజు కంటే ముందు నాలా లెవెల్

చాలామంది మొదటి ప్రశ్నే తప్పు వేస్తారు. "ఎంత సైజు పైపు వేయాలి?" అని అడుగుతారు. అసలు అడగాల్సింది, వరద రోజున నాలాలో నీళ్లు ఏ మట్టానికి వస్తాయి, మన పైపు నోరు దానికి పైన ఉందా కింద ఉందా అని. పైపు నోరు నాలా నీటిలో మునిగితే ఎంత పెద్ద పైపు వేసినా లాభం లేదు. పైగా నాలా నీళ్లే వెనక్కి ఎక్కి మీ పార్కింగ్‌లోకి వస్తాయి.

ఓరుగల్లు చుట్టూ నీటి నడక అంతా చెరువుల గొలుసు మీదే ఆధారపడింది. పై చెరువు నిండి మత్తడి (నిండిన నీళ్లు పొర్లిపోయే గట్టు) దుంకితే ఆ నీళ్లు ఒర్రెలో, అంటే చిన్న వాగులో పడి కింది చెరువుకు పోతాయి. ఆ ఒర్రెలే ఇప్పుడు ఊరి నడుమ నాలాలయ్యాయి. అందుకే ఇక్కడ నాలాలో నీటి మట్టం మీ వీధిలో కురిసిన వాన మీదే ఆధారపడదు, ఎగువ చెరువు ఎంత నిండి ఉందో దాని మీద కూడా ఆధారపడుతుంది. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వానలకు నగరంలో కాలనీలు మునిగినప్పుడు ఇదే బయటపడింది. అది వానాకాలం దాటాక వచ్చిన వాన. అప్పటికే నిండి ఉన్న చెరువులకు ఇంకో వానను పట్టుకునే జాగా ఉండదు. జూన్‌లో పడితే ఇంకిపోయే వాన అక్టోబర్‌లో రోడ్డెక్కుతుంది. దుకాణాల్లో సరుకు ఎక్కువగా ఉండేది కూడా ఆ దసరా, దీపావళి రోజుల్లోనే.

కాబట్టి ఆర్కిటెక్ట్‌ను కలవక ముందే జాగా చుట్టూ తిరిగి చూడండి. పక్క ఇళ్ల ప్రహరీల మీద పాత నీటి మరకలు కనిపిస్తాయి. గోడకు కింద ఒక రంగు, పైన ఒక రంగు, మధ్యలో సన్నని మట్టి గీత. ఆ గీత ఎత్తును రోడ్డు నుంచి కొలిచి రాసుకోండి. ఆ చుట్టుపక్కల పొలం చేసిన పెద్దమనిషిని పలకరించండి. "మత్తడి దుంకితే నీళ్లు ఇగో గీ బాట మీదికెల్లే పోతయి బిడ్డా" అని ఆయన చేయి చూపించే దిక్కు, మీ లేఅవుట్ కాగితంలో ఎక్కడా ఉండకపోవచ్చు. ఆ దిక్కునే గేటు పెట్టుకున్నవాళ్లు, ప్రహరీ కట్టి ఆ దారిని మూసినవాళ్లు తర్వాత ఇబ్బంది పడతారు.

తర్వాత సర్వేయర్‌ను పిలిచి ఆటో లెవెల్‌తోనో టోటల్ స్టేషన్‌తోనో లెవెల్స్ తీయించండి. మీ జాగాలో నాలుగు మూలలే కాదు, రోడ్డు మధ్య గీత, సైడు కాల్వ అడుగు, నాలా అడుగు, నాలా మీద కల్వర్టు స్లాబ్ కింది అంచు, ఆ ప్రహరీ మీద మట్టి గీత, ఇవన్నీ ఒకే బెంచ్‌మార్క్ (ఎత్తులు కొలవడానికి పెట్టుకునే కదలని గుర్తు) నుంచి రావాలి. మొత్తం ప్రాజెక్టులో ఇంత చవకగా ఇంత పెద్ద నష్టాన్ని ఆపే పని ఇంకోటి లేదు.

కాగితాల సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. 2012 నాటి బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 168 ప్రకారం, 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు, కుంటకు 9 మీటర్లు వదలాలి. 10 మీటర్లకు మించి వెడల్పున్న నాలాకు, వాగుకు 9 మీటర్లు, 10 మీటర్ల లోపు దానికి 2 మీటర్లు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు. ఎండాకాలంలో చూసి "చెరువు అంత దూరంలో ఉంది కదా" అనుకుని శిఖం భూమి (చెరువు నీళ్లు నిలిచే నేల) పక్కన కొనుక్కున్నవాళ్లు ఎందరో ఉన్నారు. నాలా, చెరువు దగ్గర్లో జాగా అయితే ఇరిగేషన్, రెవెన్యూ వాళ్ల దగ్గర హద్దు తేల్చుకున్నాకే అడ్వాన్స్ ఇవ్వండి. ఈ దూరాలను ఎలా తప్పించుకోవాలా అని చూడొద్దు. ఆ వదిలిన పట్టీయే పెద్ద వాన రోజు మీ గోడను కాపాడుతుంది.

ఎత్తు పెంచుకోవడం: జాగా అంతా మొరం పోయాలా, ప్లింత్ ఒక్కటే లేపాలా?

పల్లపు జాగా కొన్న ప్రతి ఒక్కరికీ మొదట తట్టేది మొరం (గరుకు ఎర్రమట్టి) పోయించడం. చూడటానికి సులువుగానే ఉంటుంది. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. దాన్ని ఒక మీటరు లేపాలంటే అణిగాక 4,047 ఘనపు మీటర్లు కావాలి. వదులుగా తెచ్చే మట్టి ఐదో వంతు అణిగిపోతుంది కాబట్టి దాదాపు 5,000 ఘనపు మీటర్లు తోలించాలి. టిప్పర్‌కు 12 ఘనపు మీటర్లు వేసుకుంటే 400 ట్రిప్పులు దాటుతాయి. ఇదంతా 20 నుంచి 25 సెంటీమీటర్ల పొరలుగా పరిచి, తడిపి, రోలర్ తిప్పితేనే పనికొస్తుంది. ఒకేసారి కుమ్మరించి జేసీబీతో చదును చేస్తే రెండు వానాకాలాలు తిరక్కుండానే ఫ్లోరింగ్ కుంగుతుంది, టైల్స్ పగులుతాయి, నేలలో వేసిన పైపుల వాలు తిరగబడుతుంది.

నాకు అంతకంటే పెద్ద అభ్యంతరం ఇంకోటి ఉంది. మీ జాగాలో ఇన్నాళ్లూ ఆగిన నీళ్లు ఎక్కడికీ మాయం కావు. మీరు మీటరు లేపితే అవి పక్కింట్లోకి పోతాయి. పక్కవాళ్లు కూడా లేపుకుంటారు. చివరికి ఆ వీధిలో పోసుకోవడానికి పైసలు లేని ఇల్లే మునుగుతుంది. పల్లపు జాగాలో మొత్తం నింపడాన్ని నేను ఆఖరి దారిగానే చూస్తాను. రోడ్డు కంటే జాగా అరమీటరు దాకా కిందికి ఉండి, నీళ్లు పోయే సహజ దారి వేరే వైపు ఉన్నప్పుడు మాత్రం బిల్డింగ్ కింది భాగం వరకు నింపడం తప్పు కాదు.

మధ్యే మార్గం ప్లింత్, అంటే బిల్డింగ్ నేల ఎత్తు ఒక్కటే లేపడం. పార్కింగ్ కిందే ఉంటుంది, మడిగెల నేల మాత్రం వరద గుర్తుకు, అంటే మీరు కొలిచి రాసుకున్న మట్టి గీతకు, కనీసం అరమీటరు పైన ఉంటుంది. దీనికి యజమానులు చెప్పే అభ్యంతరం, మెట్లెక్కి కస్టమర్ రాడని. 60 సెంటీమీటర్లంటే నాలుగు మెట్లు. వీల్‌చైర్ కోసం 1కి 12 వాలుతో ర్యాంప్ వేస్తే 7.2 మీటర్ల పొడవు చాలు. పెద్ద షోరూంలన్నీ ఆ నాలుగు మెట్లను ముందు వైపు హుందాగా మలుచుకుంటున్నాయి. నాలుగు మెట్లకు బెదిరి వెనక్కిపోయే కస్టమర్ కంటే, ఒక్కసారి గోడౌన్‌లోకి నీళ్లొస్తే పోయే సరుకు విలువ ఎక్కువ.

స్టిల్ట్ మూడో దారి. కింద పార్కింగ్, మొదటి అంతస్తు నుంచి దుకాణాలు. నాలా పక్క జాగాలకు, హంటర్ రోడ్ పక్క బొందివాగు లాంటి పల్లపు పట్టీలకు ఇదే మేలు. రోడ్డు మీది మడిగె కిరాయి పోతుంది, నిజమే. అయితే సూపర్‌మార్కెట్‌కు, బట్టల షోరూంకు, జిమ్‌కు మొదటి అంతస్తు సరిపోతుంది. మందుల షాపుకు, కిరాణాకు సరిపోదు. మీ కిరాయిదార్లు ఎవరో ముందే తెలిస్తే ఈ నిర్ణయం సులువవుతుంది.

సెల్లార్ గురించి ఒక లెక్క

సెల్లార్ కావాలనేవాళ్లు "మోటార్లు పెడతాం" అంటారు. ఈ మాటను ఒకసారి అంకెల్లో పెట్టి చూద్దాం. ర్యాంప్ 6 మీటర్ల వెడల్పు, 25 మీటర్ల పొడవు అనుకుందాం. దాని మీద గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడితే గంటకు 9 ఘనపు మీటర్లు, సెకనుకు రెండున్నర లీటర్లు. చిన్న మోటార్ తోడేస్తుంది. మోటార్లు పెడతాం అనేవాళ్ల లెక్క ఇక్కడే ఆగిపోతుంది.

అసలు ప్రమాదం ర్యాంప్ మీద పడే వానతో కాదు, రోడ్డు మీది వరదతో. ర్యాంప్ మొదట్లో స్పీడ్ బ్రేకర్‌లా లేపిన గట్టు మీంచి కేవలం 10 సెంటీమీటర్ల మందాన నీళ్లు దాటితే, 6 మీటర్ల వెడల్పులో సెకనుకు సుమారు 320 లీటర్లు లోపలికి పడతాయి. 5 హెచ్‌పీ మోటార్ సెల్లార్ లోతు నుంచి సెకనుకు సుమారు 20 లీటర్లు తోడుతుందనుకుందాం. అంటే 16 మోటార్లు కావాలి. అవి నడవడానికి కరెంటు కావాలి, అంత వానలో కరెంటు తీసేస్తారు. 1,800 చదరపు మీటర్ల సెల్లార్‌లో అరగంటలో అడుగు నీళ్లు నిలుస్తాయి. జనరేటర్‌ను, ప్యానెల్ బోర్డును కూడా సెల్లార్‌లోనే పెట్టి ఉంటే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. తోడి పోసే నీళ్లు కూడా ఆ మునిగిన రోడ్డు మీదికే పోయి మళ్లీ ర్యాంప్ దిగుతాయి.

అందుకే సెల్లార్ భద్రత మోటార్ హెచ్‌పీలో ఉండదు, ర్యాంప్ నోటి దగ్గర గట్టు ఎత్తులో ఉంటుంది. ఆ గట్టు పై అంచు వరద గుర్తుకు 30 సెంటీమీటర్లు పైన పెట్టగలిగితే సెల్లార్ గురించి ఆలోచించవచ్చు. ర్యాంప్ ముందు పొడవు లేక అలా పెట్టలేకపోతే సెల్లార్ వదిలేయండి. వెంటిలేటర్లు, లైటు కోసం వదిలే కటింగులు కూడా ఆ ఎత్తుకు పైనే ఉండాలి. గట్టు సరిగా కట్టి కిటికీలోంచి నీళ్లు రానిచ్చిన సెల్లార్లు ఉన్నాయి. కట్టే తీరాల్సి వస్తే ట్రాన్స్‌ఫార్మర్, ప్యానెల్, జనరేటర్, ఫైర్ పంపు అన్నీ పైన. లిఫ్ట్ వరద రోజున పై అంతస్తులోనే ఆగేలా సెట్టింగ్ చేయించండి. సెల్లార్‌లో గోడౌన్ మాత్రం వద్దు, పార్కింగ్‌కే ఉంచండి. మనుషులు కిందికి పోయి బండ్లు తీసుకురావడానికి ప్రయత్నించకుండా సెక్యూరిటీకి ముందే గట్టిగా చెప్పి పెట్టాలి. నీళ్లు దిగుతున్న ర్యాంప్ మీద ప్రాణాలు పోతాయి.

పంపేయడమా, ఆపడమా, ఇంకించడమా?

ఎకరం జాగానే తీసుకుందాం. 1,800 చదరపు మీటర్ల స్లాబ్, 1,600 చదరపు మీటర్ల పార్కింగ్, మిగిలిన 650 దాకా పచ్చదనం. ఇంతకు ముందు ఇది చెల్క (మెట్ట పొలం) అనుకుందాం. గంటలో 60 మిల్లీమీటర్ల వాన పడితే జాగా మొత్తం మీద 243 ఘనపు మీటర్ల నీళ్లు పడతాయి. చెల్కగా ఉన్నప్పుడు అందులో సుమారు 30 శాతం, 73 ఘనపు మీటర్లు పారి బయటికి పోయేవి. కట్టాక 80 శాతం, అంటే 194 ఘనపు మీటర్లు పారతాయి. సెకనుకు 20 లీటర్లు వెళ్లిన చోట ఇప్పుడు 54 లీటర్లు. తేడా 121 ఘనపు మీటర్లు, అంటే లక్షా 21 వేల లీటర్లు, 5 వేల లీటర్ల ట్యాంకర్లతో లెక్కిస్తే 24 ట్యాంకర్లు. మీ కాంప్లెక్స్ ఊరి మీద కొత్తగా వేసే భారం ఇదే.

నేరుగా పంపేయడం అన్నిటికంటే చవక. 1కి 200 వాలు దొరికితే 300 మిల్లీమీటర్ల హ్యూమ్ పైపే (కాంక్రీటు పైపు) సెకనుకు 68 లీటర్ల దాకా మోస్తుంది. 450 వేస్తే 200 లీటర్లు. కాగితం మీద లెక్క తేలిపోయినట్టే ఉంటుంది. నాలా ఖాళీగా ఉన్నంతసేపు పనిచేస్తుంది కూడా. జాగా ఎత్తు మీద ఉండి, నాలా రెండు మీటర్లు కిందికి ఉంటే ఈ పద్ధతితో మీకు ఇబ్బంది రాదు. అయితే అందరూ ఇదే చేస్తే దిగువ కాలనీకి నీళ్లన్నీ ఒకేసారి చేరతాయి. చదునైన జాగాలో మీకే ఇబ్బంది వస్తుంది.

ఇంకించడం అందరికీ నచ్చే మాట. ఇంకుడు గుంత నిబంధన కూడా, తవ్వాల్సిందే. భూగర్భ జలానికి అది మేలు. వరదకు మందు మాత్రం కాదు. 2 మీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీసి కంకర నింపితే అందులో నీళ్లు పట్టేది 3 ఘనపు మీటర్ల పైచిలుకు. పైన చెప్పిన తేడాను ఆపాలంటే అలాంటివి 40 దాకా కావాలి. నేల ఎలా ఉందన్నది కూడా చూడాలి. ఎర్ర చెల్క, దుబ్బ నేల తాగినంతగా నల్లరేగడి తాగదు. హన్మకొండలో చాలా చోట్ల నాలుగైదు అడుగుల మొరం కిందే రాయి తగులుతుంది. మూడడుగుల గుంత తీసి, ఒక రోజు నీళ్లతో నానబెట్టి, మర్నాడు మళ్లీ నింపి గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలు పెట్టి చూడండి. గంటకు అరంగుళం కూడా దిగకపోతే ఇంకుడు మీద ఆశ పెట్టుకోవద్దు. ఇంకో మాట. బోరులోకి నీళ్లు పంపేటప్పుడు స్లాబ్ నీళ్లే, ఫిల్టర్ దాటాకే పంపండి. పార్కింగ్‌లో కారిన ఆయిల్, డీజిల్ కలిసిన నీళ్లను బోరులోకి వదిలితే చుట్టుపక్కల అందరి బోర్లూ చెడతాయి.

ఇక ఆపి వదలడం. ఇది మనకు కొత్త కాదు. గణపతిదేవుని కాలం నాటి పాకాల, రామప్ప చెరువులు చేసేది అదే పని. తూము ద్వారా కావాల్సినంతే వదులుతాయి, నిండితే మత్తడి మీంచి పక్కకు పంపుతాయి, కట్టను తెగనివ్వవు. మీ ఎకరంలో కూడా ఆ మూడూ ఉండాలి. నీళ్లు ఆగే చోటు, చిన్న తూము, మత్తడి. ఆగే చోటుకు నాలుగు మార్గాలున్నాయి.

భూమిలో ట్యాంకు కట్టడం మొదటిది. 10 మీటర్లు, 6 మీటర్లు, 2 మీటర్ల లోతుతో కడితే 120 ఘనపు మీటర్లు పడుతుంది. పైన జాగా వాడుకోవచ్చు. ఖర్చు అన్నిటికంటే ఎక్కువ, పూడిక తీయడం కష్టం. అడుగు లెవెల్ నాలా కంటే కిందికి పోతుంది కాబట్టి మోటార్ లేకుండా ఖాళీ కాదు. భూగర్భ నీళ్లు పైకి వచ్చే చోట ఖాళీ ట్యాంకును నీళ్లు కింది నుంచి పైకి నెడతాయి, ఆ లెక్క స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడాలి. ట్యాంకులోకి మనిషిని దింపడం కూడా ప్రమాదమే. గజం జాగా కూడా దొరకని నగరం నడిబొడ్డులో తప్ప నేను దీన్ని ఎంచుకోను.

పార్కింగ్ మీదే ఆపడం రెండోది. పార్కింగ్‌ను ఒక వైపుకి వాలుగా చేసి, లోతైన చోట 15 సెంటీమీటర్లు, సగటున ఏడున్నర సెంటీమీటర్లు నిలిచేలా చేస్తే 1,600 చదరపు మీటర్లలో 120 ఘనపు మీటర్లు ఆగుతుంది. దాదాపు ఖర్చు లేని పని. కార్లకు ఏమీ కాదు, నడిచే మనుషులకు ఇబ్బంది. అందుకే ఆ లోతు అంచు మెట్ల దగ్గర కాకుండా ప్రహరీ వైపు ఉండాలి.

పేవర్ బ్లాకుల కింద కంకర పొర మూడోది. ఒకే సైజు కంకరను 30 సెంటీమీటర్ల మందాన పరిస్తే సందుల్లోనే 30 శాతం, అంటే 144 ఘనపు మీటర్లు పడుతుంది. పైన ఏమీ కనిపించదు. కానీ మన దగ్గర పేవర్ బ్లాకుల సందుల్లో క్రషర్ డస్ట్ నింపే అలవాటుంది. డస్ట్ నింపితే రెండేళ్లలో సందులు మూసుకుపోతాయి, 6 మిల్లీమీటర్ల చిప్స్ నింపాలి. సరుకు లారీలు తిరిగే వైపు ఇది వేయొద్దు. నల్లరేగడి మీద వేస్తే నేల మెత్తబడి కుంగుతుంది. మేస్త్రీ పక్కనే నిలబడి చేయించుకోగలిగితే మంచిదే.

నాకు అన్నిటికంటే నచ్చేది నాలుగోది, లాన్‌ను కిందికి దింపడం. మన కాంప్లెక్సుల్లో లాన్ ఎలా కడతారో చూడండి. చుట్టూ అడుగు ఎత్తు కర్బ్ (అంచు గట్టు) కట్టి, లోపల ఎర్రమట్టి పోసి, పార్కింగ్ కంటే పైకి లేపుతారు. వాన పడితే ఆ మట్టే కొట్టుకొచ్చి జాలీలో పడుతుంది. దాన్నే తిరగేసి, పార్కింగ్ కంటే 40 సెంటీమీటర్లు కిందికి కట్టి, 30 సెంటీమీటర్ల లోతు నీళ్లు నిలిచేలా చేస్తే 650 చదరపు మీటర్లలో, పక్క వాలులు పోను, 150 ఘనపు మీటర్ల దాకా నీళ్లు ఆగుతాయి. కర్బ్‌లో రెండు మీటర్లకో సందు వదిలితే పార్కింగ్ నీళ్లు వాటంతట అవే లాన్‌లోకి దిగుతాయి. ఆరంగుళాల పైపు తూముగా పెడితే నిండుగా ఉన్నప్పుడు సెకనుకు 20 లీటర్ల చిల్లర వదులుతుంది. పాత చెల్క వదిలినంతే. మూడు నాలుగు గంటల్లో ఖాళీ అయిపోతుంది కాబట్టి దోమల భయం లేదు. పూడిక కళ్ల ముందే కనిపిస్తుంది, పారతో తీసేయొచ్చు. జాగా చదునుగా ఉన్నా మోటార్ అక్కర్లేదు.

మత్తడిని మర్చిపోకూడదు. 54 లీటర్లు పోవాలంటే మీటరు వెడల్పు, 10 సెంటీమీటర్ల లోతు గండి చాలు. నేనైతే రెండు మీటర్లు పెట్టిస్తాను. ఎందుకంటే తూముకు పాలిథిన్ కవర్ అడ్డుపడే రోజు వస్తుంది. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఎకరం మీద అది 26 లక్షల లీటర్లు. ఆ వారమే ఓరుగల్లులో భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. అంత వానను ఏ లాన్ ఆపలేదు, ఏ పైపూ మోయలేదు. అలాంటి రోజు నీళ్లు మీ జాగాలోంచి ఏ దారిన పోతాయో కాగితం మీద ముందే గీసి ఉండాలి, ఆ దారిలో గోడ, షట్టర్, ట్రాన్స్‌ఫార్మర్ ఉండకూడదు.

లెవెల్స్ ఇలా కుదురుతాయి. రోడ్డు మధ్య గీతను 100.00 మీటర్లుగా పెట్టుకుని, నాలా వరద గుర్తు 99.80 అనుకుందాం. లాన్ అడుగు, తూము నోరు 99.90. మత్తడి అంచు 100.20. పార్కింగ్ లోతట్టు అంచు 100.30, బిల్డింగ్ వైపు 100.45. మడిగెల నేల 101.05. వరద గుర్తు 100.20కు వచ్చే పల్లపు జాగా అయితే రోడ్డు తప్ప మిగతా అంకెలన్నీ 40 సెంటీమీటర్లు పైకి జరగాలి, లోపలి నుంచి రోడ్డుకు వాలు ఇంకా పెరుగుతుంది. అంతకు మించి జరపాల్సి వస్తే స్టిల్ట్‌కు పోవాలి.

కాల్వా, పైపా?

ఎక్కువ ఆలోచించొద్దు, జాగా లోపల కాల్వే మేలు. ఒకటిన్నర అడుగు వెడల్పు ఆర్‌సీసీ కాల్వ, పైన ఇద్దరు మనుషులు లేపగలిగే స్లాబులు, బండ్లు దాటే చోట ఇనుప జాలీ. చెత్త పడితే కనిపిస్తుంది, తీయొచ్చు. రోడ్డు దాటే చోట, లారీలు తిరిగే చోట హ్యూమ్ పైపు తప్పదు. అక్కడ లెక్క 300 అని చెప్పినా 450 వేయండి, ప్రతి మలుపులో చాంబర్ కట్టండి. స్లాబ్ నుంచి దిగే పైపులను డ్రైనేజీ లైన్‌లో కలపనివ్వొద్దు. ప్లంబర్లకు అది సులువు, కానీ వాన రోజు కింది అంతస్తు బాత్రూంలోంచి మురుగు పైకి తన్నుతుంది.

గేటు దగ్గర పెట్టే అల్యూమినియం పలకలు, ఫ్లాప్ వాల్వులు (నీళ్లను వెనక్కి రానివ్వని మూతలు), ఇసుక బస్తాలు రెండో వరుస రక్షణ. వాల్వు మాత్రం ప్రతి కాంప్లెక్స్‌కూ అవసరమే. నాలాకు పోయే పైపు చివర ఫ్లాప్ గేటు, మురుగు లైన్ బయటికి పోయే చోట నాన్-రిటర్న్ వాల్వు పెట్టాలి. పలకలు అప్పటికే కట్టేసిన, నేల లేపలేని పాత మడిగెలకు పనికొస్తాయి. గాడులు షట్టర్ ముందే బిగించి, పలకలు వాచ్‌మన్ గదిలో ఉంచి, ఏడాదికోసారి బిగించి చూడాలి. నీళ్లొచ్చే వేళ తాళం చెవి వెతుక్కునే పరిస్థితి ఉంటే అవి ఉండీ లేనట్టే. కొత్త బిల్డింగ్‌కు పలకలనే నమ్ముకుని ప్లింత్ తగ్గించడాన్ని నేను ఒప్పుకోను.

మీ జాగాకు ఏది?

ఎత్తు మీద, నేల తాగే చెల్క ఉంటే లోతు లాన్, ఇంకుడు గుంతలు, మామూలు ప్లింత్ సరిపోతాయి. చదునుగా రోడ్డు లెవెల్లో ఉంటే లోతు లాన్, దానికి తోడు పార్కింగ్ వాలు, 60 సెంటీమీటర్ల ప్లింత్, సెల్లార్ వద్దు. నాలా పక్కన, చెరువు దిగువన ఉంటే స్టిల్ట్, మత్తడి దారి రెండింతలు, కరెంటు సామానంతా మొదటి అంతస్తులో. అరెకరం లోపు ఉండి గోడకు గోడ కట్టాల్సి వస్తే కంకర పొర, అదీ కుదరకపోతేనే ట్యాంకు.

కాంట్రాక్టర్ కొటేషన్లు పోల్చేటప్పుడు మొత్తం పైసలు మాత్రమే చూడకండి. డ్రాయింగ్‌లో ప్రతి చాంబర్‌కూ పై లెవెల్, అడుగు లెవెల్ రాశారా, నాలా వరద గుర్తు చూపించారా, ఎంత వానకు లెక్క కట్టారో రాశారా అని అడగండి. ఈ మూడూ లేని కొటేషన్ చవకగా ఉన్నా పక్కన పెట్టేయండి. పని అయ్యాక బిల్లు ఇవ్వకముందు రెండు ట్యాంకర్ల నీళ్లు పార్కింగ్‌లో వదిలి, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. మెట్ల వైపు నిలిస్తే అప్పుడే సరిచేయించాలి.

ఆ తర్వాత పూడిక పని. మిరుగు (మృగశిర కార్తె) పడక ముందే, రోహిణి కార్తెలో ఒకసారి కాల్వలు, తూము, జాలీలు తీయించాలి. బతుకమ్మ పండుగకు ముందు ఇంకోసారి, ఎందుకంటే చెరువులు నిండి ఉండేది అప్పుడే. మడిగెలు వేర్వేరు వాళ్లకు అమ్మేసినా, కిరాయికి ఇచ్చినా ఈ పని ఎవరిది, ఖర్చు మెయింటెనెన్స్‌లోంచి వస్తుందా, లాన్‌ను ఎవరూ మట్టి పోసి లేపి దాని మీద డబ్బా కొట్టు పెట్టుకోకూడదన్న షరతు అగ్రిమెంట్‌లోనే రాయించండి. సరుకు పెట్టుకునేవాళ్లు తమ ఫైర్ పాలసీలో వరద కవర్ ఉందో, ప్రీమియం తగ్గించుకోవడానికి తీసేశారో ఏజెంట్‌ను అడిగి కాగితం మీద చూసుకోవాలి.